పెట్టె ఎక్కడుంది? శిక్ష పడ్డాక డీఎన్ఏ పరీక్ష కోరాలంటే ఏం చేయాలి

మీ ఇంట్లోవాళ్లు ఒకరు చేయని నేరానికి జైల్లో ఉన్నారు. "డీఎన్ఏ టెస్టు చేయిస్తే నిజం తేలిపోతుంది కదా" అని ఎవరో అన్నారు. ఆ మాటలో సగమే నిజం. ల్యాబులో పరీక్షకు పట్టేది రోజులు. దానికి ముందు కోర్టు ప్రాపర్టీ గదిలోనో, స్టేషన్ మాల్‌ఖానాలోనో (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గది) దుమ్ము కొట్టుకుపోయి ఉన్న సీలు వేసిన పెట్టెను వెతికి పట్టుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. అందుకే ఇందులో ల్యాబు గురించి తక్కువ, పెట్టె గురించి ఎక్కువ చెబుతాను.

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రానికి చెందిన కర్క్ బ్లడ్స్‌వర్త్‌కు తొమ్మిదేళ్ల పాపను చంపాడని 1985లో మరణశిక్ష వేశారు. మళ్లీ విచారణ జరిగి అది యావజ్జీవంగా మారింది. ఇంగ్లండ్‌లో డీఎన్ఏతో ఒక హత్య కేసు తేలిన సంగతి జైలు లైబ్రరీలో చదివి, నాకూ ఆ పరీక్ష చేయించండని లాయరును పట్టుబట్టాడు. పాప బట్టలు ఎప్పుడో పారేశారన్నారు మొదట. తీరా వెతికితే జడ్జి గారి గది అల్మరాలో ఒక కాగితపు సంచిలో దొరికాయి. ఆ మరక అతనిది కాదని తేలింది, 1993 జూన్‌లో బయటికొచ్చాడు. మరణశిక్ష పడి, డీఎన్ఏతో నిర్దోషిగా తేలిన మొదటి అమెరికన్ అతనే. ఆ సంచి దొరక్కపోయి ఉంటే ప్రపంచంలో ఏ ల్యాబూ అతన్ని కాపాడేది కాదు.

అక్కడ శిక్ష పడ్డాక డీఎన్ఏ పరీక్ష కోరే హక్కును చట్టంలోనే రాశారు. 2004లో ఫెడరల్ చట్టం వచ్చింది, 2013 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చేశాయి. మన దగ్గర అలాంటి చట్టం లేదు. డీఎన్ఏ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది, 2023లో వెనక్కి తీసుకున్నారు. అంటే మనం వెళ్లాల్సింది వేరే పనికి కట్టిన తలుపుల గుండానే. అయినా అవి తెరుచుకుంటాయి, సరిగా తట్టాలి.

ముందు ఈ ప్రశ్న వేసుకోండి: గొడవ "ఎవరు" అన్నదేనా?

డీఎన్ఏ చెప్పేది ఒక్కటే: ఈ రక్తం, ఈ వీర్యం, ఈ వెంట్రుక ఎవరిది అని. ఎందుకు జరిగింది, ఇష్టంతోనా బలవంతంగానా, ఆత్మరక్షణా కాదా అన్నవి దానికి తెలియవు. "నేను అక్కడే ఉన్నాను, కానీ కొట్టింది నేను కాదు" అన్న కేసులో మీ మనిషి డీఎన్ఏ దొరికినా దొరక్కపోయినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నలుగురైదుగురు కలిసి చేశారన్న కేసులో ఒకరి డీఎన్ఏ లేకపోవడం ఆ ఒక్కరిని బయటపడేయదు, ఉద్దేశం ఉమ్మడిదైతే అందరూ బాధ్యులే అన్న సెక్షన్ అడ్డం వస్తుంది.

బలంగా పనికొచ్చేది ఇలాంటి కేసులో: ముక్కూమొహం తెలియనివాడు చేసిన అత్యాచారం, హత్య. సాక్షి చీకట్లో చూసి గుర్తుపట్టాడు, లేదా పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడన్నారు, లేదా మృతురాలితో కలిసి చివరిసారిగా ఇతన్నే చూశామన్నారు. మృతురాలి ఒంటి మీద, బట్టల మీద, గోళ్ల కింద నేరస్థుడు వదిలిన జీవపదార్థం ఉంది. మీ కేసు ఇదైతే ముందుకు వెళ్లండి. కాకపోతే డబ్బు, ఆశ రెండూ వేరే వాదన మీద పెట్టండి.

తీర్పును వెనక నుంచి చదవండి

సెషన్స్ కోర్టు తీర్పు కాపీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో లేకపోతే కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. కేసు నంబరు గుర్తులేకపోతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరుతో, ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికితే దొరుకుతుంది.

కాపీ చేతికొచ్చాక ఆఖరి పేజీలు తిప్పండి. అక్కడ మూడు జాబితాలు ఉంటాయి: సాక్షులు, ఎగ్జిబిట్లు (పత్రాలు), మెటీరియల్ ఆబ్జెక్టులు (వస్తువులు). ఈ మూడోదాన్నే కోర్టుల్లో ఎం.ఓ.లు అంటారు. ఎం.ఓ. 1 చున్నీ, ఎం.ఓ. 2 రక్తపు మరకలున్న చొక్కా, ఎం.ఓ. 3 మట్టి... ఇలా. ఈ జాబితాను వేరే కాగితం మీద రాసుకోండి. దానికి కాస్త పైన, శిక్ష వాక్యాల తర్వాత, చాలామంది చదవని ఒక వాక్యం ఉంటుంది: ఎం.ఓ. 1 నుంచి ఫలానా వరకు అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చేయాలి అని. మీ గడియారం తిరగడం మొదలైంది ఆ వాక్యం దగ్గరే. శిక్ష గురించి ఏడుస్తూ కూర్చున్న రోజుల్లో ఆ వాక్యం నిశ్శబ్దంగా తన పని తాను చేసుకుపోతుంది.

హైకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి మామూలుగా 60 రోజులు, మరణశిక్షయితే 30. గడువు దాటిపోయినా ఆలస్యానికి కారణం చెప్పి క్షమించమని కోరవచ్చు. బయట ఎవరూ లేకపోతే జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపించవచ్చు. అప్పీలు దాఖలైతే ధ్వంసం మామూలుగా ఆగుతుంది, కానీ ఆగిందని అనుకుని ఊరుకోకండి.

ఎఫ్ఎస్ఎల్ రిపోర్టులో ఏముందో, ఏం లేదో

ఎగ్జిబిట్ల జాబితాలో ఎఫ్ఎస్ఎల్, అంటే ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబు ఇచ్చిన రిపోర్టు ఉంటుంది. దాని కాపీ తీసుకుని నింపాదిగా చదవండి. మూడు రకాల్లో ఒకటి కనిపిస్తుంది.

మొదటి రకం, పాత కేసుల్లో ఎక్కువగా ఉండేది: "మానవ రక్తం ఉంది, గ్రూపు నిర్ధారించలేకపోయాం." అంటే రక్తమా కాదా, ఏ గ్రూపు అని చూసే సెరాలజీ చేశారు, డీఎన్ఏ జోలికి వెళ్లలేదు. మీకు ఇది నిరాశ కాదు, అవకాశం. పరీక్షకు కత్తిరించగా మిగిలిన గుడ్డముక్క సీలుతో తిరిగి పంపించి ఉంటారు.

రెండో రకం: డీఎన్ఏ చేయడానికే నమూనాలు పంపలేదు. అత్యాచారం కేసులో ముద్దాయికి వైద్యపరీక్ష చేసి డీఎన్ఏ నమూనా తీసుకునేందుకు 53ఎ సెక్షన్‌ను 2005 సవరణతో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో చేర్చారు, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడది 52వ సెక్షన్. ప్రాసిక్యూషన్ డీఎన్ఏ పరీక్ష చేయించి తన కేసును గట్టిపరుచుకోవాల్సిందని 2011లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు అంది. "చేయించగలిగి కూడా ఎందుకు చేయించలేదు" అన్న ప్రశ్న మీ అప్పీలులో తప్పక ఉండాలి.

మూడో రకం కష్టమైనది: డీఎన్ఏ చేశారు, సరిపోలిందన్నారు. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు, లాయర్లు కూడా. ఎత్తకండి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసు తెలుగువాళ్లందరికీ గుర్తే. అందులో సత్యంబాబుకు 2010లో శిక్ష పడినప్పుడు ప్రాసిక్యూషన్ చేతిలో డీఎన్ఏ రిపోర్టు కూడా ఉంది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. డీఎన్ఏ అన్న మూడక్షరాలు కాగితం మీద ఉన్నంత మాత్రాన కేసు ముగిసినట్టు కాదు.

పెట్టె ప్రయాణానికి తేదీలు రాయండి

ఈ మెట్టు మీద ఎక్కువ రోజులు పెట్టండి. ఒక పొడవాటి నోటుబుక్కు తీసుకోండి. ఒక్కో నమూనాకు ఒక్కో పేజీ. ఎప్పుడు, ఎక్కడ తీశారు? పంచనామా మీద ఎవరు సంతకం చేశారు? సీలు మీద ఏముంది? స్టేషన్లో ఎన్ని రోజులుంది? ఏ కానిస్టేబుల్ తీసుకెళ్లాడు? ఎఫ్ఎస్ఎల్‌లో ఏ తేదీన ముట్టింది, అప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉందని రాశారా? తిరిగి ఎప్పుడు వచ్చింది, ఎవరు తీసుకున్నారు?

సమాధానాలు మూడు చోట్ల దొరుకుతాయి: డాక్టరు, దర్యాప్తు అధికారి, పంచ్ సాక్షుల (పంచనామా మీద సంతకం చేసినవాళ్లు) వాంగ్మూలాల్లో, ఎఫ్ఎస్ఎల్‌కు పంపేటప్పుడు రాసే లెటర్ ఆఫ్ అడ్వైస్‌లో, రిపోర్టు మొదటి పేజీలో. దొరకని వాటికి స్టేషన్‌కూ ఎఫ్ఎస్ఎల్‌కూ విడివిడిగా ఆర్టీఐ దరఖాస్తులు పెట్టండి, జవాబుకు గడువు 30 రోజులు. కోర్టు రికార్డుకు మాత్రం ఆర్టీఐ పెట్టి టైము పాడుచేసుకోకండి, దానికి కాపీ అప్లికేషనే దారి.

ఖాళీలు కనిపిస్తే వాటిని ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. ఆ ఖాళీలే కేసులు గెలిచాయి. 2012 నాటి ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27 దాకా మాల్‌ఖానాలోనే ఉండిపోయాయి. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ విషయం ఎత్తిచూపింది, పరీక్ష సరైన పద్ధతిలో జరిగిందో లేదో కింది కోర్టులు చూడనే లేదంది, మరణశిక్ష పడిన ముగ్గురినీ విడిచిపెట్టింది. తమిళనాడు తేని జిల్లా సురుళి జలపాతం దగ్గర 2011లో జరిగిన జంట హత్య కేసులోనూ అంతే. 2025 జులైలో మరణశిక్షను కొట్టేస్తూ, ఇకమీదట దేశమంతా నమూనాలను ఎలా చూడాలో సుప్రీంకోర్టు ఆదేశించింది: ప్యాకెట్ మీద ఎఫ్ఐఆర్ వివరాలు, డాక్టరు, దర్యాప్తు అధికారి, స్వతంత్ర సాక్షుల సంతకాలు ఉండాలి, 48 గంటల్లో ల్యాబుకు చేరాలి, కేసు నడుస్తుండగా కోర్టు అనుమతి లేకుండా తెరవకూడదు, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు కోర్టు రికార్డులో భాగం కావాలి. మీ కేసు అంతకు ముందుదైనా సరే, ఆ తీర్పు కాపీని లాయరు గారి ముందు పెట్టండి. లోపం ఎలా ఉంటుందో చూపించడానికి అంతకంటే మంచి కొలబద్ద లేదు.

ఇంకో చిన్న సంగతి. తడి బట్టను ఆరబెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. ఆరబెట్టి కాగితపు కవర్లో పెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పంచనామాలో ఎలా ప్యాక్ చేశారని రాశారో చూడండి.

ములాఖత్‌లో ఒక మాట అడగాలి

ఇది కుటుంబం అడగలేని మాట, లాయరుతో అడిగించడం మేలు. "పరీక్ష చేస్తే నీది అని వచ్చే అవకాశం ఏమైనా ఉందా?" ఆ ఇంటికి పనికి వెళ్లేవాడా, ఆమెతో పరిచయం ఉందా, ఆ రోజు శవాన్ని మోయడానికి చేయి వేశాడా? తప్పు చేయకపోయినా డీఎన్ఏ అక్కడ ఉండటానికి వంద కారణాలుంటాయి. అవి పరీక్షకు ముందు చెబితే వివరణ, తర్వాత చెబితే సాకు. మ్యాచ్ అయిందని వస్తే ఆ రిపోర్టును మళ్లీ పెట్టెలో పెట్టి మూయలేరు, ఉన్న కాస్త అనుమానం కూడా పోతుంది. వద్దు అని అతను అంటే ఆ మాటను గౌరవించండి. దాని అర్థం ఏమిటని రాత్రంతా ఆలోచించకండి, భయపడేవాళ్లందరూ దోషులు కారు.

పిటిషన్‌లో ఏమేం అడగాలి

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉందది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మరణశిక్ష కేసయితే హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని స్క్వేర్ సర్కిల్ క్లినిక్‌కు రాయండి, ఫోరెన్సిక్ సాక్ష్యం మీద పనిచేసేవాళ్లు అక్కడున్నారు.

అప్పీలు పెండింగులో ఉంటే దారి సీఆర్‌పీసీ 391, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 432. అప్పీలు కోర్టు అవసరమనుకుంటే అదనపు సాక్ష్యం తీసుకోవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే ఇది అడిగినవాళ్లందరికీ ఇచ్చే వరం కాదు. శ్రద్ధగా ప్రయత్నించినా ట్రయల్లో ఆ సాక్ష్యం పెట్టలేకపోయారా, లేక ఆ సంగతి తర్వాతే బయటపడిందా అని చూస్తారు. 2024 జనవరిలో గుజరాత్‌కు చెందిన ఒక చెక్కు బౌన్సు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. కాబట్టి మొదటి పేరాలోనే రాయాలి: అప్పుడు ఎందుకు అడగలేదు? న్యాయసహాయ లాయరు చివరి నిమిషంలో వచ్చారా, ల్యాబులో అప్పటికి ఆ పద్ధతి లేదా, నమూనా ఉందన్న సంగతే చెప్పలేదా? ఉన్నదున్నట్టు రాయండి.

అడగాల్సినవి ఈ వరసలో ఉండాలని నా అభిప్రాయం. అన్నిటికంటే ముందు, ఏ ఎం.ఓ.నూ ధ్వంసం చేయకూడదని మధ్యంతర ఉత్తర్వు. పరీక్షకు ఒప్పుకోకపోయినా ఇది ఇవ్వడానికి కోర్టులు అంతగా వెనకాడవు, ఎవరికీ నష్టం లేదు కదా. తర్వాత, ప్రతి వస్తువూ ఇప్పుడు ఎక్కడుందో ట్రయల్ కోర్టు, స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ), ఎఫ్ఎస్ఎల్ రాతపూర్వకంగా చెప్పాలి. "కనిపించడం లేదు" అన్న జవాబు వచ్చినా అది ప్రమాణపత్రం మీద రావాలి. మౌఖికంగా కనిపించని వస్తువులు ప్రమాణం చేయమనేసరికి కొన్నిసార్లు కనిపిస్తాయి.

ఆ పైన పరీక్ష. వస్తువులను కోర్టు సీలుతో పంపాలి, ఖైదీ నమూనాను డాక్టరు సమక్షంలో కొత్తగా తీయాలి. మొదటి రిపోర్టు మీదే మీ అనుమానమైతే వేరే ల్యాబు కోరండి. రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు ఉంది, ఉప్పల్‌లోని డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. మన దేశంలో డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్‌ను నిలబెట్టిన లాల్జీ సింగ్ పనిచేసింది ఈ హైదరాబాద్‌లోనే. మీరు నేరుగా వెళితే క్రిమినల్ కేసు నమూనా తీసుకోరు, కోర్టు పంపాలి. నమూనా కొంచెమే ఉంటే అంతా వాడేయకుండా సగం మిగల్చాలని అడగండి. మరచిపోకూడనిది ఇంకొకటి: రిపోర్టుతోపాటు ముడి డేటా, అంటే ఎలక్ట్రోఫెరోగ్రామ్ గ్రాఫులు ఇవ్వాలి. సంతకం ఉన్న ఒక్క పేజీ చూసి ఏ నిపుణుడూ తప్పు పట్టలేడు. పైగా ప్రభుత్వ నిపుణుల రిపోర్టును వాళ్లను బోనెక్కించకుండానే సాక్ష్యంగా తీసుకునే వీలు చట్టంలో ఉంది, పిలవమని మీరే అడగాలి.

ఏ పరీక్ష?

దీన్ని నిపుణులకు వదిలేయండి, పేర్లు మాత్రం తెలిసుంటే చాలు. రక్తానికి, వీర్యానికి మామూలుగా చేసేది ఆటోసోమల్ ఎస్‌టీఆర్, అది మనిషిని గుర్తిస్తుంది. స్త్రీ, పురుష కణాలు కలిసిపోయిన నమూనాకు వై-ఎస్‌టీఆర్ చేస్తారు. అది తండ్రి, అన్నదమ్ములు, కొడుకులందరికీ ఒకేలా ఉంటుంది. అందుకని వై-ఎస్‌టీఆర్ "కాదు" అంటే గట్టి మాట, "అవును" అంటే మాత్రం ఒక వంశం మొత్తం వైపు వేలు చూపించడం. కుదురు లేని వెంట్రుకకు మైటోకాండ్రియల్ పరీక్ష, అది తల్లి వైపు వంశం. "సరిపోలింది" అని ఉంటే ఏ పరీక్షతో సరిపోలిందో అడగండి.

జవాబు వచ్చాక

సరిపోలలేదని వస్తే సంతోషించే ముందు ఆ నమూనా ఏమిటో చూడండి. బాధితురాలి ఒంటి మీద వీర్యం మరొకరిదైతే కేసు కూలినట్టే. గదిలో దొరికిన వెంట్రుక మరొకరిదైతే అది ఒక వెంట్రుక మాత్రమే. పోల్చి చూడటానికి పనికొచ్చే మరకంటూ లేదు, డీఎన్ఏ చెడిపోయింది అంటే మీకు అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు. అప్పుడు మీ నోటుబుక్కులోని ఎర్ర గీతలే మీ వాదన. రిపోర్టు అనుకూలంగా ఉంటే తుది తీర్పు దాకా ఆగకుండా శిక్ష నిలిపి బెయిలు ఇవ్వమని వెంటనే కోరండి, బీఎన్ఎస్ఎస్ 430 కింద.

హైకోర్టులో ఓడిపోయి ఉంటే 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లాలి. అక్కడా అయిపోయి ఉంటే దారి బాగా ఇరుకు. ఒకసారి సంతకం చేసిన తీర్పును అదే కోర్టు మార్చకూడదని చట్టం. మిగిలేవి సుప్రీంకోర్టులోనే రివ్యూ పిటిషన్, అదీ పోతే క్యూరేటివ్ పిటిషన్, లేదా గవర్నరుకు 161, రాష్ట్రపతికి 72 అధికరణం కింద విన్నపం. కొత్త డీఎన్ఏ రిపోర్టు చేతిలో లేకుండా ఈ తలుపులు తట్టడం వల్ల ప్రయోజనం తక్కువ.

మీ మనిషి ఉన్నది అమెరికా జైల్లో అయితే దారి పూర్తిగా వేరు. 1992లో బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఇన్నోసెన్స్ ప్రాజెక్టుకు ఉత్తరం రాయాలి, ఆ రాష్ట్రంలో అలాంటి సంస్థ వేరే ఉంటే దానికీ రాయాలి.

విడుదలయ్యాక తీర్పు సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి. స్టేషన్లో రౌడీషీటు లాంటిది ఏదైనా తెరిచి ఉంటే మూయించడానికి, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అడుగడుగునా అడుగుతారు. పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం మనకు ఇంకా లేదు, 2018లో లా కమిషన్ 277వ నివేదికలో సిఫారసు చేసినా కూడా. కోర్టులు తోచినంత ఇస్తున్నాయి: సత్యంబాబుకు లక్ష, 2019లో మహారాష్ట్ర కేసులో ఆరుగురికి తలా ఐదు లక్షలు. కాబట్టి అప్పీలులోనే పరిహారం కూడా అడిగి పెట్టుకోండి.

ఇంకొక్క పని. నిర్దోషి అన్న తీర్పులోనూ చివర్లో ఎం.ఓ.లను ధ్వంసం చేయమనే వాక్యం వస్తుంది. దాన్ని అడ్డుకోమని లాయరు గారికి ముందే చెప్పండి. బ్లడ్స్‌వర్త్ బయటికొచ్చిన పదేళ్లకు, 2003లో, దాచిపెట్టిన ఆ కేసు వస్తువుల మీది డీఎన్ఏను అమెరికా డేటాబేసులో వేస్తే అసలు మనిషి దొరికాడు. ఒకప్పుడు అదే జైల్లో బ్లడ్స్‌వర్త్ కింది అంతస్తులోనే ఉన్నాడతను.